మిద్దె మోస్తేనే తోట

హైదరాబాదులో ఒకప్పుడు రాజభవనం మిద్దెల మీద తోటలు ఉండేవి. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా నిర్మించిన ఆ నగరాన్ని 17వ శతాబ్దంలో సందర్శించిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, మిద్దెలపై పెరిగిన పెద్ద చెట్లను చూసి, అంత బరువును కింది కమానులు ఎలా మోస్తున్నాయా అని ఆశ్చర్యపోయాడు. 1687లో గోల్కొండ మొగలుల వశమైంది. ఆ భవనాలు, తోటలు కాలగర్భంలో కలిసిపోయాయి. తావెర్నియేకు కలిగిన సందేహం మాత్రం నేటికీ పాతబడలేదు.

మైపాడు వంటి తీరగ్రామాల్లో పెరటి నేల ఇసుక. పోసిన నీరు నిలవదు. బావినీరు ఉప్పెక్కిన చోట ఆకుకూర మడి కూడా మాడిపోతుంది. అటువంటి ఇళ్లకు మిద్దె మీది తోట విలాసం కాదు, కూర ఖర్చు తగ్గించే మార్గం.

అయితే తొందరపాటు తగదు. మనుషులు తిరిగే మిద్దెను సాధారణంగా చదరపు మీటరుకు 150 కిలోల భారానికి లెక్కవేసి కడతారు. అంతమేర అడుగు ఎత్తున తడిమట్టి పరిస్తే బరువు సుమారు 500 కిలోలు. ఇనుము తుప్పుపట్టి, పెచ్చులూడిన మిద్దెపై ఇది ప్రాణాపాయం. అందుచేత మట్టి పరచరాదు. ఎరువు, కొబ్బరిపొట్టు కలిపిన తేలికపాటి కుండీలను గోడలు, దూలాలు ఉన్న వరుసలోనే ఉంచాలి. కుండీల అడుగున నీరు పోయే దారి ఉండాలి.

రెండవది నీరు. గోల్కొండలో మట్టి గొట్టాలతో, చక్రాలతో అంచెలంచెలుగా నీటిని కొండపైకి ఎక్కించారు. సామాన్యునికి ఆ శ్రమ అక్కరలేదు. 50 చదరపు మీటర్ల మిద్దెపై 100 మిల్లీమీటర్ల వాన కురిస్తే 5,000 లీటర్ల నీరు పడుతుంది. జిల్లాలో అధిక వర్షం అక్టోబరు, డిసెంబరు మధ్యనే. ఆ నీటిలో కొంతైనా మూతగల తొట్లలో పట్టుకుంటే ఉప్పునీటి బాధ తగ్గుతుంది.

అవి తుఫాను నెలలు కూడా. 1989 నవంబరులో కావలి వద్ద తీరం దాటిన తుఫానును జిల్లా మరువలేదు. హెచ్చరిక రాగానే కుండీలను కిందికి దించాలి. గాలికి ఎగిరే కుండీ పొరుగువారి ప్రాణం తీయగలదు.

ఇవన్నీ ఒక్కొక్క ఇంటివారు తామే తెలుసుకోవాలంటే కష్టం. ఇంజనీరు పరీక్షించిన ఒక ప్రభుత్వ భవనంపై పంచాయతీ, ఉద్యానశాఖ కలిసి నమూనా తోట వేయించాలి. విత్తనాలు పంచడానికి ముందు మిద్దెలను పరీక్షింపజేయాలి. తోట తర్వాత, ఇల్లు ముందు అన్న సంగతిని అధికారులు గుర్తించడం అవసరం.