మోతి చూచిన జాతర

పోయిన మాసము ఈ పుటయందు వేసవి నీటికుండలను గుఱించి ముచ్చటించుకొంటిమి. ఇంటిలోని వారికందఱకు వేళకు నీరందినదా యని విచారించుట గృహిణికి మొదటి పని యని కూడ వ్రాసితిమి. ఆ వ్రాసిన సిరా యాఱకమునుపే మాయింటి ప్రాణి యొకటి నీరందక పడిపోయినది. సోదరీమణులు నవ్వినను సరియే, ఆ సంగతి దాచక చెప్పుచున్నాము.

మా మోతి జాతికుక్క గాదు, ఊరకుక్క. ఐదేండ్ల క్రిందట ముసురు పట్టిన యొక రాత్రి మా యరుగు క్రింద చేరి, తెల్లవాఱుసరికి మాయింటిదైనది. పెరటిలోనికి పోవు చెప్పుల చప్పుడునకును, వీథిలోనికి పోవు చెప్పుల చప్పుడునకును భేదమేమో మాకు నేటికిని తెలియదు గాని దానికి తెలియును. వీథి చెప్పులు కదలెనా, గడపయొద్ద నిలువబడి తోకతో తలుపును కొట్టుచుండును.

ఫాల్గుణ మాసమున నొక యాదివారము కొమురవెల్లి మల్లన్న జాతరకు పోవ నిశ్చయించితిమి. సంక్రాంతి మొదలుకొని యుగాది వఱకు అచట ప్రతి యాదివారమును జాతరయే. మా చేర్యాలకు కొమురవెల్లి చేరువ. 2016వ సంవత్సరమున జిల్లాలు మాఱినపుడు రెండును సిద్దిపేట జిల్లాలోనికే వచ్చినవి. (మోతికి జిల్లాలు పట్టవు. దాని సరిహద్దులు వేఱు. వానిని ప్రతి యుదయమును స్తంభము స్తంభమునకు తానే తిరుగ వ్రాసికొనును.) మా చిన్నవాడు మోతియు రావలెనని పట్టుపట్టెను. మా యత్తగారు బోనపు కుండకు పసుపు పూయుచు, "జాతర్ల కుక్కెందుకే? గంత మందిని జూస్తే బెదురుతది. ఇంటికాడ ఉండనియ్యి" అనిరి.

మేము ఊరకుండక పాండిత్యము చూపితిమి. మన మల్లన్ననే మహారాష్ట్రమున జేజూరియందు ఖండోబా యని కొలుతురనియు, అచట కుక్క యా స్వామికి తోడుగా నుండుననియు చెప్పితిమి. బలిజ మేడలమ్మతో బాటు గొల్ల కేతమ్మను గూడ పెండ్లాడిన స్వామి గదా, గొల్లవారి యల్లునికి కుక్క పరాయిదా యని యడిగితిమి. అంతటితో పోనీయక ధర్మరాజు కథ యెత్తితిమి. తమ్ములును ద్రౌపదియు దారిలో పడిపోగా కడవఱకు వెంట నడచినది కుక్కయే. దానిని విడిచి స్వర్గమునకు రానని యాయన యింద్రునితోనే వాదించెను. అత్తగారు మాఱు పలుకలేదు. కుండకు కుంకుమబొట్లు పెట్టి లోపలికి పోయిరి. మేము గెలిచితి మనుకొంటిమి. మేము పలికినది పుస్తకమునుండి. ఆమె పలికినది మోతిని చూచి. ఆ భేదము సాయంకాలమునకు గాని మాకు తోచలేదు.

ఉదయము బాగుగనే గడచినది. ఆటో యెక్కుటకు ముందు నకాషీవారి యిండ్లమీదుగా నడచితిమి. చేర్యాల పటములను చూచినవారు ముందుగా చెప్పునది యా యెఱ్ఱని నేలనే గదా! మోతికి ఆ యెఱుపు లేదు. మన కంటిలో రంగుల నెఱుగు కణములు మూడు విధములు, కుక్క కంటిలో రెండే విధములు. పసుపు, నీలము దానికి తెలియును. ఎఱుపును ఆకుపచ్చయు మాసిన గోధుమవన్నెగా నుండును. కాని పటమునకు పూయు చింతగింజల గంజి వాసనయో! మనకది యించుక పులిసిన వాసన, అంతే. వాసన పట్టు కణములు మన ముక్కున సుమా రేబదిలక్షలుండగా, జాతినిబట్టి హెచ్చుతగ్గులున్నను కుక్కకు ఇరువది కోట్ల వఱకు నుండునందురు. ఆ వాకిటియొద్ద మోతి కన్నులు సగము మూసి ముక్కు పైకెత్తి నిలిచిన తీరు చూడవలసినది. మనము పటమును చూచునట్లే అది ఆ గంజిని చూచుచున్నదని మాకప్పుడు తోచినది.

కొమురవెల్లిలో దిగిన తోడనే మా చిన్నవాని చెప్పు వారు తెగెను. దానిని సరిచేయుటకు నేలమీద గొంతుకూర్చుంటిమి. అప్పుడు మోతి యెత్తునుండి జాతరను మొదటి మాఱు చూచితిమి. గుట్ట లేదు, గుడి లేదు, ఆకాశము లేదు, ఉన్నవి కాళ్లు. చెప్పుల కాళ్లు, కడియాల కాళ్లు, పసుపు పూసిన కాళ్లు, ఏ దిక్కునుండి వచ్చునో తెలియని కాళ్లు. వానినడుమ గొఱ్ఱెల పెంట, బెల్లపు పరమాన్నము, కాలిన నూనె, క్రొత్తకుండ మన్ను, వేలమంది చెమట. పసుపు మాత్రము దానికిని మనవలెనే కనబడును. మల్లన్నకు ప్రీతియైన వన్నె యదియే యగుట మాకు సంతోషమైనది.

ఒగ్గు పూజారుల డోళ్లు మ్రోగగానే ఆ సంతోషము పోయినది. సెకనుకు ఇరువదివేల కంపనములకు మించిన నాదము మన చెవికందదు. కుక్క చెవికి నలుబదివేలకు మించినదియు నందును. మనకు వినరాని దూరపు సద్దు దానికి స్పష్టము. అట్టి చెవిప్రక్కనే తాళములును డోళ్లును! మోతి తోక కడుపుక్రిందికి పోయెను. నాలుకతో ముక్కును మాటిమాటికి నాకికొనెను. ఆవులించెను. నిద్ర వచ్చినది కాబోలు నని నవ్వితిమి. బెదరిన కుక్క యట్లు ఆవులించునని పిమ్మట తెలిసికొంటిమి.

దర్శనమునకు కుక్కను తీసికొనిపోరాదు గనుక, ఆటోనీడలో దాని చక్రమునకు తాడు కట్టి, ఒక గిన్నెలో నీరుంచి, గడియలో వత్తుమని వరుసలో నిలిచితిమి. ఆదివారపు వరుస మాకు తెలియని దా? మూడుగంటలు పట్టినది. మేము మన్నుతో చేసిన ఆ పెద్ద మూర్తికి మ్రొక్కుచుండగా నీడ ఆటో రెండవ వైపునకు పోయినది. తాడు పొట్టిది. గిన్నె యెవరి కాలు తగిలియో బోర్లపడినది.

తిరిగి వచ్చుసరికి మోతి ప్రక్కకు పడియుండెను. నాలుక యెఱ్ఱనై వ్రేలాడుచుండెను, కన్ను మమ్ము చూచుచున్నట్లే లేదు. మా చిన్నవాని యేడుపు విని గొఱ్ఱెల మేపు ముసలాయన యొకడు పరుగెత్తివచ్చి, "ముందుగాల తాడిప్పుండ్రమ్మా! నీడకు దెండ్రి, నీళ్లు దెండ్రి" అని కేకవేసెను. చెట్టుక్రిందికి మోసికొనిపోయి, కడుపుమీదను, తొడల సందునను, పాదములమీదను నీరు పోసి, కొంగుతో విసరితిమి. నోటిలో నీరు పోయబోగా నాతడు చేయి పట్టి యాపెను. తెలివిలేని ప్రాణికి నీరు ఊపిరికి అడ్డుపడునట. చాలసేపటికి మోతి తల యెత్తి, ఆ ముసలాయన చేయి నాకెను. మా చేయి గాదు.

పశువైద్యునియొద్దకు తీసికొనిపోగా ఆయన మమ్ము మందలింపలేదు, అదే మాకు బాధగా నుండెను. కుక్కకు మనవలె ఒడలెల్ల చెమట పట్టదు. పాదములక్రింద కొంచెము పట్టును. వగర్చుటయే దానికి విసనకఱ్ఱ. దాని యొడలి వేడిమి నూటయొకటి మొదలు నూటరెండున్నర డిగ్రీల వఱకు సహజము. నూటనాలుగు దాటినయెడల ప్రమాదము. తారురోడ్డును పరీక్షించుటకు ఆయన చెప్పిన యుపాయము ప్రతి యింటికిని పనికివచ్చును: చేతి వెనుకభాగమును నేలపై ఏడు సెకనులు నిలుపవలెను. నిలుపలేకపోతిమా, అది కుక్క నడువదగిన నేల గాదు. పిచ్చికుక్క వ్యాధికి టీకా ఏటేట వేయించుచున్నారా యనియు నడిగెను. అది మాత్రము వేయించితిమి. (చదువరులు మఱువరాదు: ఏ కుక్క కఱచినను, ఇంటి కుక్కయైనను, గాయమును వెంటనే సబ్బుతో పదునైదు నిమిషములు పాఱు నీటిలో కడిగి ఆసుపత్రికి పోవలెను. కారము, సున్నము, పసరులు రుద్దరాదు.)

ఇంటికి వచ్చునపుడు ధర్మరాజు కథ మాకు జ్ఞప్తికి రాలేదు. భారతము మొదటనే యున్న వేఱొక కథ వచ్చినది. జనమేజయుని యాగశాలకు వచ్చిన కుక్కపిల్లను, ఏ తప్పును చేయకున్నను, రాజు తమ్ములు కొట్టిరి. దాని తల్లి సరమ వచ్చి, నా బిడ్డ చేసిన నేరమేమని యడిగెను. వారియొద్ద సమాధానము లేదు. ఆటోలో మోతి తల మా యొడిలో నుండెను, మాయొద్దను లేదు.

అత్తగారు వాకిటనే యుండిరి. సంగతి విని మమ్ము ఒక్కమాటయు ననలేదు. మట్టిమూకుడు కడిగి నీరు పోసి తమ మంచము ప్రక్కన పెట్టిరి. ఆ మూకుడు నేటికిని అచటనే యున్నది. దానిలో నీరు పోయు పని ఇంకొకరికి ఇయ్యరు.

ఇప్పుడు తెల్లవాఱుఝామున, ఎండ రాకమునుపు, మోతితో చెఱువుకట్టకు పోవుచున్నాము. తాడు పొడుగుది. ముందు నడచునది మోతి, వెనుక మేము. అర్ధగంట నడకలో అది నిజముగ నడచునది పావుగంటయే. తక్కినది మూలమూలను ముక్కుతో చదువుకొనుట. మావారు ఒకనాడు వచ్చి, "ఇది నడకనా, నిలువుడా?" యని విసిగికొని మఱల రాలేదు. వారు వార్తాపత్రికను చదువునపుడు మేమట్లే యడిగినచో నెట్లుండునో! నిన్న రాత్రి కట్టమీదుగా పోయినవా రెవరో, ఏ మందలో గొఱ్ఱె యీనినదో, ఎవరింట చేపలు వండిరో అంతయు ఆ తుమ్మమొదటనే వ్రాసియుండును గాబోలు. మేము ప్రక్కనే నిలిచి చెఱువును చూచుచుందుము. ముప్పదియేండ్లుగా ఈ యూర నుండియు ఆ చెఱువును ఇంతసేపు చూచి యెఱుగము.

వీథి చెప్పులు కదలిన చప్పుడునకు మోతి నేటికిని గడపయొద్దకు పరుగెత్తును, తోకతో తలుపు కొట్టును. వాకిట ఆటో ఆగిన చప్పుడు వినబడిన దినమున మాత్రము అత్తగారి మంచము క్రిందికి దూఱి, మూకుడు ప్రక్కన పండుకొనును. అది వెడలి పోయినదని ఆమె చెప్పువఱకు బయటికి రాదు.