తెరమీది వీరుడును ఊరి చెరువును

అద్భుతబలము గల యొక వీరుడు దుష్టులను దండించి లోకమును గాచు చలనచిత్రములు మన విద్యార్థులకు మిక్కిలి ప్రీతికరములు. వినోదమునకై వానిని చూచుటలో దోషము లేదు. ఐనను అట్టి ప్రతి కథలోను ఒక రాజనీతియు, ఒక అర్థశాస్త్రమును దాగియుండును. వానిని గుర్తింపక చూచుట తగదని నా యభిప్రాయము.

2024వ సంవత్సరమున వెలువడిన "హను-మాన్" చిత్రమున, అంజనాద్రి గ్రామముపై పెత్తనము చేయు గజపతిని, చిల్లరదొంగయైన హనుమంతుడు ఒక మణిమహిమచే ఓడించును. మంచిదే. కాని ఆ మణి దొరకనిచో గ్రామస్థుల గతి యేమి?

ఆ యేటనే వచ్చిన "కల్కి 2898 ఏ.డి." ఇంతకంటె లోతైనది. గంగ యెండిన కాశీలో జనులు నీటికై అలమటించుచుండ, పైనున్న "కాంప్లెక్స్"లో కొందఱు సమస్తము ననుభవించుచుందురు. సంపద యొకచోట పోగుపడినచో నేమగునో చక్కగా చూపిరి. ఇక భైరవుని కోరిక యేమి? ఆ కోటను కూల్చుట గాదు. పది లక్షల యూనిట్లు గడించి తానును అందు ప్రవేశించుట! ప్రేక్షకులు నవ్విరి. నాకు మాత్రము చిత్రమంతటిలో నదియే సత్యమైన మాటగా తోచినది. మనలో ననేకులు చదువుచున్నదియు అందులకే గదా.

మన తిరుపతి ఓటర్లు ఇద్దఱు వెండితెర వీరులను శాసనసభకు పంపిరి: 1983లో నందమూరి తారకరామారావుగారిని, 2009లో చిరంజీవిగారిని. రామారావుగారు 1980లో "సూపర్‌మాన్" అను చిత్రముననే నటించియుండిరి. వారి ప్రభుత్వము కిలో బియ్యమును రెండు రూపాయల కిచ్చుట బీదలకు మేలే చేసినది. కాని తెరపై వీరుడు దొంగనిల్వల గోదాము తాళము పగులగొట్టి పంచినంత సులభము గాదది. ధాన్యము కొనవలె, ధరలోని తేడాను ఖజానా భరింపవలె, చౌకదుకాణమున తూకము సరిగా నుండవలె. ఇవి యేటేట జరుగవలసిన పనులు. అందు ఆకాశయానము లేదు.

చిత్తూరు సీమకు చెరువులే ప్రాణము. మద్రాసు రాజధాని కాలమున "కుడిమరామతు" అను ఆచారము కలదు: రైతులందఱు కలిసి కాలువల పూడిక తీయుదురు, కట్టలు బాగుచేయుదురు. ఎంతటి బలవంతుడైనను తన వంతు పని తాను చేయవలసినదే. రానివా డెవడో ఊరెల్ల నెఱుగును. ఇట్టి కథను తెర కెక్కించు దర్శకు డింకను పుట్టలేదు. టిక్కెట్లు అమ్ముడుపోవని భయము గాబోలు! మన పాఠశాల నాటకసంఘమువారికి ఆ భయము లేదు గనుక, ఈ యేటి వార్షికోత్సవమునకు వారైన ప్రయత్నింతురేమో చూడవలె.