షోరూమ్‌లో 24.. రోడ్డెక్కితే 17!

చిన్న కారు కొనేవాళ్లు రంగు గురించి ఒక్కసారే అడుగుతారు. మైలేజీ గురించి మాత్రం నలుగురిని నాలుగుసార్లు అడుగుతారు. బళ్లారిలో అయినా, సిరుగుప్పలో అయినా, పొలిమేర దాటి గుంతకల్లు వెళ్లినా అదే మాట.. ‘లీటరుకు ఎంతిస్తుందండీ?’. అమ్మేవాళ్ల జవాబూ ఒకటే.. కంపెనీ కాగితం మీదున్న అంకె. చిన్న పెట్రోలు కార్లలో చాలావాటికి అది 20కి పైనే, కొన్నింటికి 24 దాకా ఉంటోంది. ఆ లెక్కతోనే ఇంటి బడ్జెట్ వేసుకుని బ్యాంకు కాగితాల మీద సంతకాలు పెట్టేస్తున్నారు. మూడు నెలలు తిరిగేసరికి లెక్క తప్పుతోంది. బండిలో ఏదో లోపముందంటూ మెకానిక్ చుట్టూ ప్రదక్షిణలు మొదలవుతున్నాయి. నిజానికి చాలాసార్లు లోపం బండిలో ఉండదు. ఆ అంకెను కొనేవాళ్లకు చెప్పే తీరులోనే ఉంది.

నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే ఉపాధ్యాయుడినో, చిరు వ్యాపారినో తీసుకుందాం. లీటరుకు 24 కిలోమీటర్లు వస్తే 42 లీటర్లతో నెల గడుస్తుంది. 17 వస్తే 59 లీటర్లు కావాలి. లీటరు వంద రూపాయలే అనుకున్నా నెలకు 1,700 రూపాయలు అదనం. ఐదేళ్ల కంతులు తీరేసరికి ఈ తేడా లక్ష దాటుతుంది. జీతం రాళ్లతో నెట్టుకొచ్చే ఇంటికి ఇదేమీ చిన్న మొత్తం కాదు.

ఆ అంకె ఎక్కడిది?

కంపెనీ చెప్పే అంకె అబద్ధం కాదు. పుణేలోని ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ (ఏఆర్ఏఐ) వంటి సంస్థలు పరీక్షించి ధ్రువీకరించిందే. కాకపోతే ఆ పరీక్ష రోడ్డు మీద జరగదు. గదిలో రోలర్ల మీద బండిని నిలబెట్టి, చక్రాలు తిప్పి కొలుస్తారు. అంతా కలిపి 20 నిమిషాల లోపే. నడిచే దూరం పది కిలోమీటర్ల పైచిలుకు. సగటు వేగం గంటకు 32 కిలోమీటర్లు, గరిష్ఠ వేగం 90. గది వేడి 20 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది. ఏళ్ల తరబడి ఈ పరీక్షను ఏసీ ఆపే చేస్తూ వచ్చారు. గుంతలుండవు, ఎదురుగాలి ఉండదు, అడ్డొచ్చే ఆటో ఉండదు.

ఈ పరీక్ష దేనికి పనికొస్తుందంటే రెండు బండ్లను పక్కపక్కన పెట్టి ఏది నయమో తేల్చుకోవడానికి. అందరికీ ఒకే ప్రశ్నపత్రం ఇచ్చినట్టన్నమాట. ఇంటికొచ్చాక ఎంత ఖర్చవుతుందో చెప్పే హామీపత్రం మాత్రం కాదు. షోరూముల్లో దీన్ని హామీలాగే వినిపిస్తున్నారు. చిక్కంతా అక్కడే.

ఎండ ఒకవైపు.. లారీలు మరోవైపు

బళ్లారిలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. ఏసీ లేకుండా కారెక్కమంటే ఎవరూ ఒప్పుకోరు. ఆ ఏసీ కంప్రెసర్‌ను తిప్పేది ఇంజినే. పెద్ద ఇంజినుకు ఆ బరువు అంతగా తెలియదు. వెయ్యి సీసీ లోపు ఇంజినుకు మాత్రం నడుం వంగుతుంది. ఊళ్లో మెల్లగా కదిలే చోట మైలేజీలో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా ఏసీకే పోవచ్చు. సిగ్నల్ దగ్గరో, రైల్వే గేటు దగ్గరో ఇంజిను ఆపకుండా నిలబెడితే గంటకు అర లీటరుకు పైనే ఆవిరి. ఆ సమయంలో బండి నడిచిన దూరం సున్నా!

హొసపేట దారి సంగతి వేరు. లారీ వెనకాల పాకుతూ, సందు దొరికితే మూడో గేరులో గట్టిగా తొక్కి దాటడం, మళ్లీ బ్రేకు వేయడం.. ఇలా నడిపితే ఏ కారూ కాగితం మీది అంకెను అందుకోదు. దారి ఖాళీగా ఉందని వంద మీద పోయినా నష్టమే. 80 నుంచి 100కు పెంచితే గాలి నిరోధం ఒకటిన్నర రెట్లవుతుంది.

సండూరు కొండదారి దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలేస్తే పెట్రోలు మిగులుతుందని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పాత కార్బురేటర్ బండ్ల నాటి అలవాటది. ఇప్పటి ఇంజిన్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే దిగుడులో పెట్రోలు సరఫరా దానంతటదే ఆగుతుంది. న్యూట్రల్‌లో ఉంటేనే ఇంజిను తిరగడానికి పెట్రోలు తాగుతుంది. పైగా ఇంజిను పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. పొదుపు దేవుడెరుగు, ప్రాణానికే ముప్పు.

ఇథనాల్ వాటా ఎంత?

దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని 2030 నుంచి ముందుకు జరిపి, 2025లోనే అందుకున్నారు. చెరకు, మొక్కజొన్న రైతులకు దానివల్ల కలిగే మేలును కాదనలేం. అయితే లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. దానికి తగ్గట్టు తయారైన బండ్లలో మైలేజీ 1 నుంచి 2 శాతం, మిగతావాటిలో 3 నుంచి 6 శాతం తగ్గవచ్చని 2025 ఆగస్టులో కేంద్ర పెట్రోలియం శాఖే చెప్పింది. పాత చిన్న కారు ఉన్నవాళ్లకే దెబ్బ ఎక్కువన్నమాట. అయినా 24కూ 17కూ మధ్య తేడా అంతా ఇథనాల్ మీదకే నెట్టేయడం సరికాదు.

పొలిమేర బంకుల లెక్క

సరిహద్దు ఊళ్లలో మరో ముచ్చట ఉంది. కర్ణాటక 2024 జూన్‌లో పెట్రోలు మీద అమ్మకపు పన్నును 25.92 నుంచి 29.84 శాతానికి పెంచింది. ఆ తర్వాత కూడా ఆంధ్రాలోనే ధర ఎక్కువగా ఉంటూ వచ్చింది. అందుకే అటువాళ్లు ఇటొచ్చి ట్యాంకు నింపుకుంటారు. పని మీద వచ్చినప్పుడైతే లాభమే. పెట్రోలు కోసమే వస్తే మాత్రం చేతిచమురే. లీటరుకు 5 రూపాయల తేడా అనుకుంటే 35 లీటర్లకు మిగిలేది 175. గుంతకల్లు నుంచి రానూపోనూ సుమారు 100 కిలోమీటర్లకు కాలేది ఆరు లీటర్లు, అంటే 600 పైమాటే. ధరలో ఐదు రూపాయల కోసం పొలిమేర దాటేవాళ్లు, టైర్లలో గాలి తగ్గితే పోయే పెట్రోలును పట్టించుకోవడం లేదు.

ఎవరు ఏం చేయాలి?

యజమానులు చేయాల్సింది సులువే. మీటరు బోర్డులో కనిపించే అంకెను నమ్ముకోకుండా, ట్యాంకు నింపి కిలోమీటర్లు రాసుకోవాలి. మళ్లీ అదే బంకులో నింపినప్పుడు పట్టిన లీటర్లతో నడిచిన దూరాన్ని భాగించాలి. మూడుసార్లు చేస్తే బండి అసలు రంగు తెలుస్తుంది. పదిహేను రోజులకోసారి, పొద్దున్నే బండి తీయకముందు టైర్లలో గాలి చూపించుకోవాలి.

అయితే బరువంతా కొనేవాడి నెత్తిన వేస్తే న్యాయం కాదు. ఏసీ వేసి కొలిచిన అంకె, ఊళ్లో నడిపితే వచ్చే అంకె, హైవే మీద వచ్చే అంకె.. మూడూ ధర పట్టిక పక్కనే పెద్ద అక్షరాలతో ఉండాలి. బళ్లారి లాంటి చోట కన్నడంతో పాటు తెలుగులోనూ రాయాలి. బంకులో పోస్తున్న పెట్రోలులో ఇథనాల్ ఎంతో పంపు మీదే కనిపించాలి. బియ్యం బస్తా మీద తూకం రాయకుండా అమ్మితే ఊరుకోని సర్కారు, లక్షలు పోసి కొనే కారు విషయంలో పావు వంతు తరుగును చూసీచూడనట్టు వదిలేయడం తగదు.