మన పెరడు: తోట పటమునకు ఎంత వెచ్చింపవచ్చును?



క్రొత్తగా ఇల్లు కట్టించుకొనిన వారును, కట్టించుకొనబోవు వారును ఇటీవల తఱచుగా అడుగుచున్న ప్రశ్న యొకటి గలదు. పెరటితోటకు పటము గీయుటకు కంప్యూటరులో మంచి సాఫ్టువేరు ఏది? కొన్ని ఏటేట రుసుము అడుగుచున్నవి, అంత వెచ్చించుట యుక్తమా? ఒక్కమాటలో చెప్పుమన్నచో, తెలుగునాట పెరడు గల గృహిణి ఇందుకై ఒక్క రూపాయియు వెచ్చింప నక్కఱలేదని చెప్పుదును. కాని అంతటితో విడిచిన యెడల ప్రయోజనము లేదు. డబ్బు పెట్టి కొనునది ఏమి, ఉచితముగా దొరకునది ఏమి, మన తోటకు నిజముగా కావలసినది ఏమి యని విడదీసి చూచిన గాని ఎవరికి వారు నిర్ణయించుకొనలేరు.

అసలు పటమెందుకని పెద్దలు నవ్వవచ్చును. మన అమ్మమ్మలు ఏ పటము చూచి బీరపాదు పెట్టిరి? నిజమే. వారికి విశాలమైన దొడ్డి యుండెను. ఒకచోట పాతిన మునగకొమ్మ అడ్డమైనచో మఱియొకచోట మఱియొక కొమ్మ పాతుకొనిరి. ఇప్పుడు పట్టణములలో 150 గజముల స్థలమున ఇల్లు పోగా, కారు నిలుపుచోటు పోగా, మిగులునది ప్రహరీగోడ వెంట మూడు నాలుగడుగుల పట్టీ. అందులో తప్పుచోట పెట్టిన చెట్టును నాలుగేండ్లు పెంచి కొట్టివేయవలసి వచ్చును. అదియు గాక, ఇల్లు పూర్తికావచ్చినప్పుడు మేస్త్రి ఇంటిచుట్టు నేలయంతయు సిమెంటు చేసి, టైల్సు పరచి పోవును. మట్టి యుంచిన బురద యగునని ఇంటివారందఱును ఒప్పుకొందురు. ఆ సందడిలో "ఈ మూల విడువుడు" అని ఇల్లాలు నోట చెప్పిన మాట ఎవరి చెవిని పడును? అదే మాట అడుగులు అంగుళములతో కాగితముపై నున్నచో మేస్త్రి దానిని చూచి నూలు పట్టును. పటమువలన కలుగు మొదటి లాభ మిదియే యని నా యభిప్రాయము. టైల్సు పడిన పిమ్మట గీసిన పటము కుండీల పటమే గాని తోట పటము కాదు.

ఇక రుసుము గైకొను ప్రోగ్రాముల సంగతి. కూరగాయల తోటలకై ప్రత్యేకముగా చేయబడినవానిలో గ్రోవెజ్ వారి గార్డెన్ ప్లానరు పేరెన్నిక గన్నది. కొన్నిదినములు ఉచితముగా వాడి చూడనిత్తురు, తరువాత ఏటేట చందా. మడి గీచి మొక్క బొమ్మను అందులో నుంచినచో ఆ మొక్కకు ఎంత యెడముండవలెనో అదియే చూపును. ఏ నెలలో విత్తవలెనో, ఎప్పుడు కోయవలెనో జాబితా వ్రాసి యిచ్చును. చక్కని పనిముట్టే, సందేహము లేదు. కాని ఆ జాబితా దేనిపై ఆధారపడియున్నదో గమనింపుడు. ఆ ప్రాంతమున వసంతములో కడపటి మంచుగడ్డ ఎప్పుడు పడును, శరత్తులో మొదటిది ఎప్పుడు పడును అను రెండు తేదీలే దాని లెక్కకు పునాది. శీతలదేశములలో ఆ రెండు తేదీల నడుమ నున్న కాలమే తోటకాలము. మనకు లంబసింగివంటి మన్యపు టూళ్లు తప్ప మంచుగడ్డ మాట యేది? మనకు తోటను చంపునది మంచు కాదు, రోహిణికార్తె యెండ. మన విత్తుకాలమును తెలుపునది మృగశిర. ఆ సంగతి యా ప్రోగ్రామునకు తెలియదు. తెలియని దానికి చందా కట్టి, అది చెప్పిన తేదీలను మరల మనమే దిద్దుకొనుట యెందుకు?

అమెరికాలోని న్యూజెర్సీవంటి చోట్ల కాపురమున్న మన ఆడపడుచులకు మాత్రము నా సలహా వేఱు. అక్కడ గోంగూర, దోస, ఆనప పెట్టవలెనన్న ఆ కడపటి మంచు తేదీయే ప్రాణము. పది దినములు ముందుగా నాటిన నారు ఒక్క రాత్రిలో నల్లబడిపోవును. తోటకాలము కురుచ, కావున లోపల నారు పోయుట ఎప్పుడు, బయట నాటుట ఎప్పుడు అను లెక్క తప్పరాదు. అట్టివారు ఒక్క యేడు చందా కట్టి, ఆ యేటి తేదీలను పుస్తకమున వ్రాసికొనినచో ఖర్చు దండుగ కాదు.

మనకు పటము చెప్పవలసినవి ముఖ్యముగా మూడు: కొలత, ఎండ, డాబాపై తోట యైనచో బరువు. ఇందులో ఎండను గూర్చి కొంత విపులముగా చెప్పవలెను, ఏలయన విదేశీయ పుస్తకములును ప్రోగ్రాములును చూచి మనవారు పొరబడుచున్న దిచ్చటనే. గోడకు ఉత్తరపువైపున ఎల్లప్పుడును నీడయే యని ఆ పుస్తకములు చెప్పును. ఆ దేశములకు అది సరియే. హైదరాబాదు భూమధ్యరేఖకు ఇంచుమించు పదునేడున్నర డిగ్రీల ఉత్తరముననే యున్నది. మే రెండవ వారము మొదలు ఆగష్టు మొదటివఱకు మధ్యాహ్నవేళ సూర్యుడు మన నడినెత్తికి కొంచెము ఉత్తరముగనే యుండును. జూన్ 21వ తేదీ మధ్యాహ్నము పదియడుగుల గోడనీడ దక్షిణపువైపున ఒక్క యడుగు మాత్రమే పడును. డిసెంబరు 21వ తేదీ అదే గోడనీడ ఉత్తరపువైపున ఎనిమిదిన్నర యడుగులకు పైగా సాగును. అనగా ఉత్తరపుగోడ నానుకొనిన మడి వేసవిలో మాడును, చలికాలములో చీకటిలో నుండును!

మన టమాటాలు, వంగ, చిక్కుడు, క్యాబేజీ, కొత్తిమీర చక్కగా వచ్చు కాలము చలికాలమే గదా. కావున డిసెంబరు నీడ ఎచ్చటికి వచ్చునో తెలిసిన పిమ్మటనే కూరమడికి చోటు నిర్ణయింపవలెను. మీ యింటికి దక్షిణమున పొరుగువారు ముప్పదియడుగుల మేడ కట్టిరనుకొనుడు. డిసెంబరు మధ్యాహ్నము దాని నీడ ఇరువదియాఱడుగుల దూరము వచ్చును. మీ పెరడంతయు అందులో మునిగినచో అక్కడ కూరమడి ఆశ విడిచి, నీడ కోర్చు తమలపాకు, పుదీన, పసుపువంటివి పెట్టుకొని, కూరలకు డాబాను ఆశ్రయించుట మేలు. ఈ ఒక్క సంగతి ముందుగా తెలిసినచో విత్తనములు, ఎరువు, ఒక చలికాలపు శ్రమ మిగులును.

ఈ నీడను చూపగల ఉచిత సాఫ్టువేరు ఉన్నది గనుకనే డబ్బు పెట్టవద్దంటిని. స్వీట్‌హోమ్ త్రీడీ అనునది ఇంటి లోపలి అమరిక కొఱకు చేయబడిన ప్రోగ్రాము. దానిని ఎవరైనను ఉచితముగా దింపుకొని వాడుకొనవచ్చును, విండోసు కంప్యూటరు కైనను మ్యాక్ కైనను లినక్సు కైనను సరిపడును. తోటల కొఱకు చేసినది కాకపోయినను మన పనికి ఇంతకంటె అనువైనది నాకు కనబడలేదు. కొలతలను అడుగులు అంగుళములలో పెట్టుకొనవచ్చును. ఇంటిగోడలు, ప్రహరీ, పొరుగింటి గోడ వాని యెత్తులతో సహా గీయుడు. మడులను గదులవలె గీచి మట్టిరంగు వేయుడు. పటముపై దిక్సూచి గుర్తు ఒకటి యుండును. దానిపై రెండుమార్లు నొక్కి మీ యూరి అక్షాంశ రేఖాంశములను, ఉత్తరదిక్కును సరిచేయుడు. పిమ్మట ఛాయాచిత్రము తీయు కిటికీ తెఱచి, నాణ్యతను పైమెట్టున నుంచి, తేదీ డిసెంబరు 21 అనియు, వేళ ఉదయము తొమ్మిది అనియు ఇచ్చినచో నీడలతో సహా మీ పెరడు కనబడును. మధ్యాహ్నము పండ్రెండు, సాయంకాలము మూడు, ఆ మీదట మే నెలలో మఱి మూడు చిత్రములు తీయుడు. ఆఱు చిత్రములు ప్రక్కప్రక్కన పెట్టుకొని చూచినచో మడి యెచ్చటనో అవే చెప్పును. మొదటిసారి చేయువారికి రెండు మూడు సాయంకాలములు పట్టును.

స్కెచప్ అను మఱియొకటియు గలదు. 2000లో వెలువడి, గూగులువారి చేతిలో కొన్నేండ్లుండి, 2012 నుండి ట్రింబుల్ సంస్థవారిదైనది. దాని ఉచితరూపము ఇంటర్నెట్టు బ్రౌజరులోనే నడచును, సొంత పనులకు వాడుకొనవచ్చును. మెట్లు, పందిళ్లు, ఏటవాలు నేలలు గీయుటకు శక్తిగలది, నేర్చుకొనుటకు మాత్రము ఓపిక కావలెను. ఇంట ఇంజనీరింగు చదువుచున్న పిల్లవాడో పిల్లయో యున్నచో వారికి అప్పగింపుడు, లేకున్న మొదటిదానితో సరిపుచ్చుకొనుడు.

ఇంట కంప్యూటరు లేక చేతిఫోను మాత్రమే గలవారు చిన్నబుచ్చుకొన నక్కఱలేదు. లెక్కల పట్టికలు వ్రాయు గూగుల్ షీట్సు ఫోనులో ఉచితము. కంప్యూటరున్నచో లిబ్రెఆఫీసు కాల్కు కూడ అట్టిదే. అందులోని గళ్ల వెడల్పును ఎత్తును సమానముగా చేసినచో చదరపు గళ్ల కాగితమైనది. ఒక గడి అరయడుగని పెట్టుకొనుడు. ముప్పదియడుగుల పొడవు, పదునైదడుగుల వెడల్పు గల పెరడు అఱువది గళ్లు, ముప్పది గళ్లు అగును. మడికి ఒక రంగు, దారికి ఒక రంగు, నీరుతొట్టి కొకటి. గడిలోనే "వంగ", "బెండ" అని తెలుగున వ్రాసికొనవచ్చును. టమాటాకు ఒకటిన్నర రెండడుగుల యెడము, వంగకు రెండడుగులు, బెండకు వరుసలో ఒక యడుగు చాలును. గళ్లు లెక్కపెట్టినచో నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు గల మడిలో టమాటాలు పది పండ్రెండుకు మించి పట్టవని మీకే తేలును. నారు ముప్పది కొనకుందురు. ఇది నీడను చూపదు, కాని పైన చెప్పిన లెక్కతో నీడను మీరే గీచుకొనవచ్చును: హైదరాబాదు ప్రాంతమున డిసెంబరు మధ్యాహ్నము గోడ యెత్తు పదియడుగులైన నీడ ఎనిమిదిన్నర.

ఏ ప్రోగ్రామైనను కొలతలు తప్పైన పటము తప్పే. ఆకాశమునుండి తీసిన చిత్రముపై కొలిచినచో కొన్ని యడుగులు తేడా రావచ్చును, మూడడుగుల పట్టీలో ఆ తేడా సర్వనాశనము. టేపు పట్టుకొని కొలువుడు. నాలుగు ప్రక్కలే గాక మూలనుండి మూలకు కూడ కొలువవలెను. రెండు ఐమూలల కొలతలు సమముగా లేనిచో మీ స్థలము చూపునకు చదరముగా నున్నను నిజముగా చదరము కాదు.

ఇక డాబా. ఇచ్చట పటము వేడుక కాదు, ఇంటికి రక్ష. తడిసిన మట్టి ఘనపుటడుగు ఇంచుమించు ఏబది కిలోలు తూగును. నాలుగడుగులు, ఎనిమిదడుగులు, ఒక యడుగు లోతు గల మడిలో ముప్పదిరెండు ఘనపుటడుగులు, అనగా 1600 కిలోలు, రెండు చిన్నకార్ల బరువు. మనుష్యులు తిరుగు చదునైన డాబాకు భారతీయ ప్రమాణములలో (ఐ.ఎస్. 875, రెండవ భాగము, 1987) ఉంచిన భారము చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు, అనగా చదరపుటడుగుకు పదునాలుగు కిలోలు మాత్రమే. ఏబది యెక్కడ, పదునాలుగెక్కడ! కుండీలకు కొబ్బరిపొట్టు, ఎరువు కలిపిన తేలికమట్టి వాడుటకును, లోతు మడులు పెట్టకుండుటకును కారణ మిదియే. పటమున ముందుగా దూలములు, స్తంభములు ఎచ్చట నున్నవో గీయుడు. ఇల్లు కట్టినప్పటి ఇంజనీరు పటము చూచిన తెలియును. బరువైన కుండీలు దూలములపైనను గోడలపైనను ఉండవలెను, గది నడుమ పైభాగము తేలికగా నుండవలెను. పటము ముగించి, ఒక్కొక్క కుండీ ప్రక్కన దాని తడిబరువు వ్రాసి, ఒకసారి ఇంజనీరునకు చూపుడు. సాఫ్టువేరునకు మిగిల్చిన డబ్బు వ్యయపఱుపదగిన చోటిది.

ఇప్పుడు క్రొత్తగా వచ్చినవి, మీ పెరటి ఫోటో ఇచ్చినచో కృత్రిమ మేధచే నిమిషములో నందనవనము చిత్రించి యిచ్చు యాపులు. చూచుటకు ముచ్చటగా నుండును. కాని అది బొమ్మయే గాని పటము కాదు. అందులో కొలత లేదు, దిక్కు లేదు, తఱచుగా అందులో పూచినవి మన యెండకు నాలుగు దినములు బ్రతుకని చలిదేశపు పూలు. పైగా ఇట్టివానిలో కొన్ని చందాను వారమునకింత యని అడుగును. వారమునకు చిన్నమొత్తముగా తోచునది ఏడాదికి ఏబదిరెండు రెట్లగునని మఱువకుడు. ఉచితముగా వాడి చూడుమన్నప్పుడు కార్డు సంఖ్య అడిగినచో, గడువు తీరు తేదీని గోడమీది క్యాలెండరులో వ్రాసికొని రెండు దినములు ముందే రద్దు చేయుడు. మఱియొక సంగతి: గీచిన పటమును పీడీఎఫ్ గానో చిత్రముగానో బయటకు తీసికొననిచ్చునా యని మొదటి దినముననే పరీక్షింపుడు. కొన్నిటిలో చందా ఆగినచో మీరు గీచిన పటము మీకే కనబడదు.

కడపట నీరు. పటములో మొక్కలన్నియు పెట్టిన పిమ్మట కొళాయి మఱచిపోవువారే యెక్కువ. వంటయింటి తూము ఎచ్చటికి పోవుచున్నదో గీచి, అరటిపాదు ఆ నీటికి అందునట్లు పెట్టుడు. సబ్బునీరు పోవు గొట్టము వేఱుగా నుండవలెను. కొళాయినుండి మిక్కిలి దూరపు మడికి ఎన్ని యడుగులో లెక్కించి, అంత పొడవు గొట్టము కొనుడు. మేస్త్రి టైల్సు పరచుటకు ముందే ప్రహరీ వెంట భూమిలో ఒక పైపు వేయించి, రెండుచోట్ల కొళాయి మూతులు విడిచినచో రోహిణికార్తెలో బిందెలు మోయు పని తప్పును.