సోమవారమంటే ఏ సోమవారం?

‘ఎరువులు సోమవారం ఇస్తారు’ అని బోర్డు మీద రాస్తారు. రాబోయే సోమవారమా, ప్రతి సోమవారమా? తెలుగులో జరగబోయే పనికీ, అలవాటుగా జరిగే పనికీ క్రియారూపం ఒక్కటే. ‘అల్లుడు రేపు వస్తాడు’, ‘పాలవాడు రోజూ వస్తాడు’ అంటాం. మాటల్లో అనుమానం వస్తే మనిషిని అడగవచ్చు. బోర్డును ఎవరడుగుతారు? కూలి మానుకుని, బస్సు చార్జీ పెట్టుకుని వచ్చిన రైతు వట్టి చేతులతో తిరిగి పోతున్నాడు.

‘వరకు’ సంగతీ అంతే. చోటుకూ కాలానికీ అదే మాట. చెరువు వరకు వెళ్లినవాడు గట్టు మీద ఆగుతాడు, నీళ్లలో దిగడు. మరి గడువు ‘10వ తేదీ వరకు’ అంటే ఆ రోజు దరఖాస్తు తీసుకుంటారా? ఇక్కడ గుమాస్తా చెప్పిందే వ్యాకరణం! ‘ప్రతి సోమవారం’ అనో, ‘10వ తేదీ సాయంత్రం 5 గంటల దాకా’ అనో విడమరిచి రాయించవలసింది మండల అధికారులే.