గుడారములో గ్యాసు మంట

శీతకాలపు సెలవులలో మన కోయంబత్తూరు యువకులు ఉదకమండల పరిసరములకును, రాయగడవారు కొరాపుట్టు జిల్లాలోని దేవమాలి కొండకును పోయి గుడారములలో రాత్రులు గడపుచున్నారు. పోవుట మంచిదే. వెంట గొనిపోవు చిన్న గ్యాసు హీటరును గూర్చి మాత్రము ఇంటి పెద్దలు ఒక మాట చెప్పి పంపవలసియున్నది.

గ్యాసు కారినచో వాసన వచ్చును గదా, మెలకువ రాదా యని పలువురి ధీమా. ఆ వాసన కారిన గ్యాసుకే. అదియు ముందుగా కలిపి పంపినది. మూసిన గుడారములో గాలి చాలక మంట సరిగా మండనపుడు పుట్టు కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, రంగు లేదు. నెత్తురులోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా దానినే గట్టిగా పట్టుకొనును. తలనొప్పి, వికారము, తూలుట మేలుకొన్నవానికి హెచ్చరికలు. నిద్రించువానికి అవియు తెలియవు. బొగ్గుల కుంపటి ఇంతకంటె క్షేమమను భ్రమ వలదు. అది మరింత చెడ్డది.

ప్రాణవాయువు తగ్గినచో తానే ఆరిపోవు హీటర్లు కలవు. అట్టిదైనను, గుడారమునకు తగినదని తయారుచేసినవారు చెప్పనిచో లోపల వెలిగింపరాదు. వెలిగించినపుడు పైనను క్రిందను గాలికి దారి విడువవలెను. పడుకొనుటకు ముందే ఆర్పి, సిలిండరును వెలుపల నుంచవలెను. కారిన గ్యాసు గాలికంటె బరువైనది, పడక చెంతనే నిలుచును. రాత్రికి దట్టమైన కంబళ్లను, ఉన్ని దుస్తులను నమ్ముకొనుట మేలు. చలికి ఓర్వలేక ఊరిలో గది తీసుకొన్నను చిన్నతనమేమియు లేదు. ఎవరైనను తల తిరుగుచున్నదన్నచో తక్షణమే వెలుపలి గాలికి తెచ్చి, ఆసుపత్రికి చేర్పవలెను.