బోర్డు మీద 60, గన్నులో 30

విద్యుత్తు కార్ల గురించి ఎక్కడ మాట వచ్చినా ఒక లెక్క తప్పకుండా వినిపిస్తుంది: ఈ ఏడు ఇన్ని ఛార్జింగు కేంద్రాలు పెరిగాయి, వచ్చే ఏడు ఇన్ని పెరుగుతాయి. ఈ లెక్క మీదే నా తగాదా. బావులెన్ని తవ్వారని కాదు, నీళ్ళెన్ని వచ్చాయని అడగాలి కదా!

మొన్న హైదరాబాదు నుంచి విజయవాడకు బయలుదేరాను. 65వ నంబరు జాతీయ రహదారి, సుమారు 270 కిలోమీటర్లు. సూర్యాపేట దాటేసరికి నా కారుకు మరో 20 యూనిట్లు కావలసి వచ్చింది. దారి పక్కన ఒక కేంద్రం, దాని మీద 60 కిలోవాట్లని పెద్ద అక్షరాలు. 20 నిమిషాల పని అనుకున్నాను. పక్క గన్నుకు అప్పటికే ఒక కారు తగిలించి ఉంది. నాది తగిలించగానే యంత్రం ఉన్నదాన్ని ఇద్దరికీ సమంగా పంచింది: నాకు 30, ఆయనకు 30. నా 20 నిమిషాలు 40 అయ్యాయి.

నాకు పోయింది ఓ ఇరవై నిమిషాలే, కాఫీ తాగి ఊరుకున్నాను. నా వెనుక వచ్చిన టాక్సీ అతని సంగతి వేరు. విజయవాడలో రైలు అందుకోవలసిన ముసలి దంపతులు అతని కారులో ఉన్నారు. అరగంట చూసి, వాళ్ళు రోడ్డు మీదికి వెళ్ళి బస్సు ఎక్కేశారు. సగం బాడుగతో అతను అక్కడే నిలబడిపోయాడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అనే సామెతకు ఆ బోర్డు కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

నియమాలు లేవా అంటే ఉన్నాయి. రహదారికి ఇరువైపులా ప్రతి 25 కిలోమీటర్లకు ఒక కేంద్రం, దూరప్రయాణాల వాహనాలకూ భారీ వాహనాలకూ ప్రతి 100 కిలోమీటర్లకు ఒక వేగవంతమైన కేంద్రం ఉండాలని కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2022 జనవరిలోనే మార్గదర్శకాలు ఇచ్చింది. డబ్బు లేదా అంటే అదీ ఉంది. 2024లో మొదలైన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో ఛార్జింగు కేంద్రాలకే 2,000 కోట్లు కేటాయించారు. లేనిదల్లా ఒక్కటే: ఇద్దరు ఒకేసారి వస్తే ఒక్కొక్కరికి ఎంత అందుతుంది అన్న ప్రశ్న.

"కార్లే తక్కువ, అంత పెద్ద యంత్రాలెందుకు?" అంటారు కొందరు. ఇందులో కొంత నిజముంది. పెద్ద యంత్రానికి పెద్ద ట్రాన్స్‌ఫార్మరు కావాలి, కార్లు రాకపోతే ఆ పెట్టుబడి ఎండకు ఎండి వానకు తడుస్తుంది. ఇంటి దగ్గరా, ఆఫీసులోనూ, రాత్రి బస చేసే హోటలులోనూ 7 కిలోవాట్లు చాలునని నేనూ ఒప్పుకుంటాను. అక్కడ కారు గంటల తరబడి ఊరికే నిలబడి ఉంటుంది. రహదారి మీద నిలబడేది మనిషి. భారత్ డీసీ-001 ప్రమాణం నాటి 15 కిలోవాట్ల యంత్రం దగ్గర నా 20 యూనిట్లకు 80 నిమిషాలు పడుతుంది. దాన్నీ ఒక కేంద్రంగానే లెక్కలో కలిపితే ఆ లెక్క ఎవరి కోసం? పైగా, నమ్మకంగా ఛార్జింగు దొరకని దారి మీదికి కార్లు ఎలా వస్తాయి? రాలేదని యంత్రం పెట్టరు, పెట్టలేదని కార్లు రావు.

నేను కోరేది మూడు సంగతులు. అన్ని గన్నులూ పనిచేస్తున్నప్పుడు ఒక్కో గన్నుకు ఎంత వస్తుందో బోర్డు మీద అదే రాయాలి. రాయితీని కేంద్రం తెరిచినందుకు కాక, అందించిన యూనిట్లకూ పనిచేసిన రోజులకూ ముడిపెట్టాలి. రహదారి మీద ఒక్క యంత్రంతో కేంద్రం అనిపించుకోవడం మానాలి. ఒకటి చెడిపోతే మరొకటి ఉండాలి.

చివరగా మనవాళ్ళకూ ఒక మాట. 80 శాతం దాటాక బ్యాటరీ విద్యుత్తును మెల్లగా మాత్రమే తీసుకుంటుంది. చివరి 20 శాతం కోసం గన్ను పట్టుకుని కూర్చునేవారు వెనుకవారి కాలాన్ని తింటున్నారు. ఆరోజు నేను 82 దగ్గర తీసేశాను. రెండు శాతం ముందే తీయవలసింది. ఆ టాక్సీ అతను నన్నేమీ అనలేదు, అందుకే ఇంకా గుర్తుంది.